బిల్లు మీద ఎవరి పేరుంది?

మే నెల నడిమధ్యన ఒకరోజు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో బస్సు దిగాను. మధ్యాహ్నం రెండు గంటలు. దుర్గం కొండ పెనం మాదిరి కాలిపోతోంది. ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ నేల మీద నీళ్ళు చల్లుకుని, తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంది. ఫ్యాను వేడిగాలిని కిందికి తోస్తోంది. లోపలి గదిలో అంతకుముందు ఏడాది నేను కొనిచ్చిన ఒక టన్ను ఏసీ గోడకు అలంకారంగా ఉంది. రిమోట్ ఏదని అడిగితే బీరువా తెరిచి, పట్టుచీరల మధ్య ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచిన రిమోట్ తీసి ఇచ్చింది.

"ఎందుకమ్మా వెయ్యలా?"

"మీరొస్తే వేద్దామని పెట్టినా. నా ఒక్కదానికి ఎందుకు నాయనా? రెణ్ణెల్ల కిందట వేస్తే పదహారొందలు దాటింది బిల్లు."

ఏసీ కొనిచ్చి కొడుకుగా బాధ్యత తీరిందనుకున్నాను. వస్తువు కొనివ్వడం సులువు, దాన్ని భయం లేకుండా వాడుకునే వీలు కల్పించడం కష్టం అన్న సంగతి ఆ కవరు చూశాకే అర్థమైంది. పెద్దవాళ్ళకు వేడిమి చిన్న విషయం కాదు. వయసు మళ్ళిన ఒళ్ళు త్వరగా చెమట పట్టదు, దాహం వెయ్యదు, వేడెక్కిన సంగతి తనకే తెలియదు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్ళలో పగలంతా ఎండ తాగిన శ్లాబు, రాత్రి పన్నెండు దాకా దాన్ని ఇంట్లోకి కక్కుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయో లేదో గాని, మిద్దె ఇంట్లో ముసలివాళ్ళ నిద్ర మాత్రం పగులుతుంది.

ఇంగ్లండులో ఉన్న మా బంధువుల అబ్బాయి ఫోన్లో ఒక మాట చెప్పాడు. వాళ్ళ పక్కింటి ముసలి దంపతులు ఇల్లు వెచ్చగా ఉండడానికి హీట్ పంప్ పెట్టించుకున్నారట. ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇచ్చిందట. హీట్ పంప్ అంటే ఏదో కొత్త వింత కాదు. మన ఏసీ ఇంట్లో వేడిని బయటికి తోడేస్తుంది. అదే యంత్రాన్ని తిరగేసి బయటి వేడిని ఇంట్లోకి తోడితే హీట్ పంప్. వాళ్ళకు చలి బాధ, మనకు ఎండ బాధ. అయితే ఆ అబ్బాయి చెప్పినదాంట్లో నాకు పట్టుకున్నది యంత్రం కాదు, డబ్బు నడిచే దారి. అక్కడ సబ్సిడీ కోసం దరఖాస్తు చేసేది యంత్రం బిగించేవాడే. ఆ 7,500 పోగా మిగిలినదే ముసలాయన కట్టాలి. మన దగ్గర దారి అటునుంచి ఇటు. ముందు మనం కట్టాలి, తర్వాత ప్రభుత్వం మన ఖాతాలో వేస్తుంది. ఎనభై ఏళ్ళ మనిషికి ఈ రెంటికీ మధ్య తేడా ఏటికి ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ ఉన్నంత. ఆ ఏరు దాటించడమే పిల్లల పని. ఈ అధ్యాయమంతా దాని గురించే.

మన దగ్గర ఏసీకి సబ్సిడీ లేదు గాని, ఏసీ తాగే కరెంటుకు ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన 'పీఎం సూర్యఘర్' పథకం అదే. 75,021 కోట్ల రూపాయల పద్దుతో, 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా, కోటి ఇళ్ళ మీద సోలార్ పెట్టించాలని లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 ఇస్తారు. ఎంత పెద్దది పెట్టించుకున్నా 78,000 దాటదు. మన రాష్ట్రంలో బీసీలకు రెండు కిలోవాట్ల దాకా ఇంకో 20,000 రాష్ట్ర ప్రభుత్వం కలుపుతుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్ల వరకు చేతి నుంచి పైసా పడకుండా పెట్టించే పథకం వేరే ఉంది. వాళ్ళు ఈ అధ్యాయంలో అప్పు లెక్కలు వదిలేసి కరెంటాఫీసులో పేరు రాయించుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అమ్మ పదహారొందల బిల్లు సంగతి. గుమ్మం పక్కన మేకుకు వంచిన ఇనప తీగ ఉంటుంది, బిల్లులన్నీ దానికి గుచ్చుతుంది. పాతవి వెలిసిపోయి తెల్లకాగితాలైపోయాయి. చదవడానికి వీలున్నవి పన్నెండు తీసి నేల మీద పరిచాను. మామూలు నెలల్లో 120 యూనిట్లు. ఏసీ వేసిన నెలలో 300. గంటకు ముప్పావు యూనిట్ లెక్కన రాత్రి 8 గంటలు వేస్తే రోజుకు 6, నెలకు 180 యూనిట్లు, సరిగ్గా సరిపోయింది. మన కరెంటు రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, ఆపైన 400 దాకా ఎనిమిది ముప్పావు. అందుకే 120 యూనిట్లకు 395 రూపాయలయ్యే బిల్లు 300 యూనిట్లకు 1,673 అవుతుంది. వాడకం రెండున్నర రెట్లయితే బిల్లు నాలుగు రెట్లు దాటింది. ఇతర చార్జీలు దీని మీద అదనం. మా అమ్మ మూడో తరగతి చదివింది, ఈ మెట్ల లెక్క ఆమెకు తెలియదు. తెలియకపోయినా రిమోట్ దాచేసింది, అంటే లెక్క సరిగ్గానే కట్టింది.

ఒక కిలోవాటు ప్యానెళ్ళు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. మబ్బులు, దుమ్ము తీసేస్తే రెండు కిలోవాట్లకు నెలకు 220 అనుకోండి. పగలు పుట్టిన కరెంటు లైన్లోకి పోతుంది, రాత్రి ఏసీకి లైన్లోంచి వస్తుంది, నెట్ మీటరు రెండూ లెక్కపెట్టి మిగిలిన తేడాకే బిల్లు వేస్తుంది. 300 యూనిట్ల నెలలో 80కే కడతాం, 215 రూపాయలు.

ఇక్కడే సోలార్ అమ్మేవాళ్ళు ఒక కిటుకు చేస్తారు. మీ మే నెల బిల్లు అడిగి, నెలకు పద్నాలుగొందలు మిగులు, పన్నెండు నెలలకు ఇంత అని గుణించి చూపిస్తారు. ఏసీ ఏడాదంతా వేస్తామా? అయిదు నెలలు వేస్తే ఎక్కువ. ఆ అయిదు నెలలకు 7,300, మిగతా ఏడు నెలలకు నాలుగొందల లోపు చొప్పున 2,700, అంతా కలిపి ఏడాదికి పది వేలు. నేను అమ్మకు చెప్పిన అంకె ఇదే. పెద్దవాళ్ళకు గొప్ప అంకె చెప్పి ఒప్పిస్తే, తర్వాత బిల్లు వచ్చిన ప్రతి నెలా మీ మాట మీద నమ్మకం కొంచెం కొంచెం కరుగుతుంది.

పది వేలు ఆదా అయితే అప్పు ఎంత చెయ్యవచ్చు? రెండు కిలోవాట్లకు మీకు 1,30,000 కొటేషన్ వచ్చిందనుకుందాం. ఈ పథకానికి ప్రభుత్వ రంగ బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పిస్తాయి. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుకు అర శాతం పైన, పథకం మొదలైనప్పుడు 7 శాతం ఉండేది. పదో వంతు, అంటే 13,000 మనం వేసుకుంటే 1,17,000 అప్పు. పదేళ్ళకు నెలకు 1,358 కిస్తీ పడుతుంది. ఇది మోయలేని కిస్తీ. ఆదా అయ్యేది నెలకు సగటున 830 కదా. కాబట్టి అరవై వేల సబ్సిడీ ఖాతాలో పడిన రోజే తీసుకెళ్ళి అప్పుకు జమ చెయ్యాలి. చేసి, "వ్యవధి తగ్గించొద్దు, కిస్తీ తగ్గించండి" అని బ్యాంకులో రాతపూర్వకంగా అడగాలి. అప్పుడు మిగిలిన 57,000కు కిస్తీ 662. బీసీ కుటుంబమైతే 430. ఆ సబ్సిడీ డబ్బు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కో, పంటి డాక్టరుకో పోయిందా, అప్పు పెద్దవాళ్ళ మెడ మీద అట్లాగే ఉంటుంది. అందుకే మా ఇంట్లో సబ్సిడీ డబ్బు ఎటు పోవాలో, అప్పు పుట్టకముందే కాగితం మీద రాసి దేవుడి పటం వెనక పెట్టాం.

డెబ్భై దాటినవాళ్ళకు ఒంటరిగా అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. సంపాదనలో ఉన్న కొడుకో కూతురో పక్కన సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టలేని పిల్లలు, ఫోన్లో సలహాలు ఇవ్వడం ఆపేస్తే పుణ్యముంటుంది.

డబ్బు లెక్క ఒక గంటలో తేలింది. మూడు నెలలు పట్టింది మాత్రం ఇంకొకదానికి. బిల్లు మీద పేరు మా నాన్నది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. సబ్సిడీ రావాలంటే సర్వీసు ఎవరి పేర ఉందో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో ఆ పేరే ఉండాలి. పోయినవాళ్ళ ఖాతాలో ఎవరు వేస్తారు? పడమటి నెల్లూరు పల్లెల్లో ఏ వీధికి వెళ్ళినా ఇదే వరస. తండ్రి పేరున సర్వీసు, తాత పేరున ఇంటి పన్ను, తల్లి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. నెలనెలా బిల్లు కడుతున్నంత కాలం ఎవరూ అడగరు. సర్కారు డబ్బులు ఇస్తానన్నప్పుడే పేరు గుర్తుకొస్తుంది.

పేరు మార్చడానికి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం, ఇంటి పన్ను రసీదు, తక్కిన వారసుల నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకుని సచివాలయంలోనో కరెంటాఫీసులోనో ఇవ్వాలి. కాగితాల కంటే ముందు కావాల్సింది ఇంట్లో వాళ్ళ మాట. మా అన్నకు ఫోన్ చేస్తే, "ఇప్పుడు మీటరు, రేపు ఇల్లా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ అన్నాడు. కరెంటు సర్వీసు పేరు మారితే ఇంటి హక్కు మారదు, బిల్లు ఆస్తి పత్రం కాదు. ఈ మాట తోబుట్టువులందరికీ ముందే చెప్పండి. పేరు అమ్మదే పెట్టండి, మీది పెట్టకండి. సగం అనుమానాలు అక్కడే ఆగిపోతాయి.

అసలు అభ్యంతరం అన్నది కాదు, అమ్మది. "మీ నాయన పేరు తీసేస్తారా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆయన పేరు నెలనెలా ఎవరో వచ్చి అచ్చువేసి చేతికిచ్చేది ఆ ఒక్క కాగితం మీదే. నాకా ఆలోచనే రాలేదు. ఆ రోజు ఇక ఆ మాట ఎత్తలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆమే తీగ నుంచి ఒక పాత బిల్లు తీసి, పేరు కనపడేట్టు మడిచి, నాన్న ఫోటో ఫ్రేము మూలకు దోపింది. "ఇంక మార్పించు," అంది. మీ ఇంట్లో ఈ రెండు ప్రయాణాల మధ్య ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు, తొందర పెట్టకండి.

పేరు మారాక పని చకచకా సాగింది. పథకం పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు, నమోదైన ఏజెన్సీల్లో ఒకదాన్ని ఎంచుకోవడం, బిగింపు, నెట్ మీటరు, కరెంటాఫీసు వాళ్ళ తనిఖీ, ఆపైన ఖాతా వివరాలు ఇస్తే మామూలుగా నెల లోపు సబ్సిడీ. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అంటూ ఆపడానికి లేదు. లోడు చాలకపోతే పెంచాల్సింది కరెంటు పంపిణీ చేసే డిస్కమే, మనకు తిరుపతి ఎస్పీడీసీఎల్. నమోదుకు వాడే ఫోన్ నంబరు అమ్మదో మీదో ఉండాలి, ఏజెన్సీ కుర్రాడిది కాదు. ఓటీపీలు ఎవరికి పోతాయో పగ్గం వాళ్ళ చేతిలో ఉంటుంది. సబ్సిడీకి దేశంలో తయారైన ప్యానెళ్ళే ఉండాలి. చవగ్గా ఇస్తామంటే ఎక్కడివో అడగండి. "మొత్తం ఉచితం పెద్దమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అని ఎవరైనా వస్తే చెంబెడు మంచినీళ్ళు ఇచ్చి పంపమని అమ్మకు చెప్పి ఉంచాను.

ఇంకా ఒక మాట ముందే చెప్పకపోతే తర్వాత తిట్లు తినాలి. మామూలు సోలార్ కనెక్షన్‌లో కరెంటు పోతే ఇదీ పోతుంది. నడి ఎండలో, ప్యానెళ్ళు తళతళ మెరుస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లైన్ మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అట్లా తయారుచేస్తారు. మా అమ్మ మొదటి కోతకు ఫోన్ చేసి, "లక్షా ముప్పై వేలు పోసి సూర్యుణ్ణి తెచ్చినావు, ఆయన కూడా లైన్‌మన్ మాట వింటన్నాడు," అంది. కోతలు బాధించే ఇంట్లో పాత ఇన్వర్టర్ అమ్మేయకండి.

దుమ్ము తుడవడానికి ముసలివాళ్ళను మిద్దె ఎక్కనివ్వకండి. కింది నుంచి పైపుతో నీళ్ళు కొట్టేంత ఎత్తులోనే ప్యానెళ్ళు పెట్టించవచ్చు, పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కొట్టాలి. అయిదేళ్ళు మెయింటెనెన్స్ ఏజెన్సీదే, ఆ మాట ఒప్పంద పత్రంలో ఉందో లేదో చూసుకోండి. మా వైపు కోతుల బెడద ఉంది. వైర్లు బయటికి వేలాడకుండా పైపుల్లోంచి లాగించుకోవాలి.

ఆత్మకూరులో రిటైరైన మాస్టారు ఒకాయన ఇంటి పడమర పక్క పెద్ద వేపచెట్టు. నీడ పడుతుంది, కొట్టేస్తే మూడు కిలోవాట్లు పట్టిస్తామని ఏజెన్సీవాళ్ళు అన్నారట. "చెట్టు ఇచ్చే చల్లదనానికి సబ్సిడీ కూడా అక్కర్లేదు కదబ్బాయ్," అని ఆయన ఒక్క కిలోవాటే తూర్పు పక్కన పెట్టించుకున్నారు. ఆయన చేసిందే సబబు.

అదే ఆత్మకూరులో మా పిన్నమ్మ ఉంది. అక్క ఇంట్లో చూసి, "నాకూ పెట్టించు అబ్బయ్యా," అంది. బిల్లు తెమ్మన్నాను. 60 యూనిట్లు, చార్జీ 147 రూపాయలు. నెలకు 4,000 వృద్ధాప్య పింఛను మీద బతికే మనిషి నెలకు 147 మిగుల్చుకోవడానికి అప్పు చేస్తుందా? కింది మెట్టు రేట్ల రూపంలో ఆమెకు రాయితీ ముందే అందుతోంది. పెట్టించను అని చెప్పాను. అలిగింది. దానికి బదులు మిద్దె మీద రెండు పూతలు సున్నం వేయించాం, మిద్దె తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది. ఇది కొత్త చిట్కా కాదు గాని, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పాత ఫ్యాను తీసి బీఎల్‌డీసీ ఫ్యాను బిగించాం. 75 వాట్ల చోట 30 వాట్లు, రోజుకు 15 గంటలు తిరిగినా నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. నా మటుకు నాకు, మొత్తం ఈ వ్యవహారంలో బాగా చేసిన పని పిన్నమ్మకు 'వద్దు' అని చెప్పడమే. సబ్సిడీ ఉందని అవసరం పుట్టదు. నెలకు 125 యూనిట్లు దాటని ఇంటికి అప్పు చేసి సోలార్ పెట్టించమని నేను ఎవరికీ చెప్పను.

పింఛను పోతుందేమోనన్న భయం కూడా పెద్దవాళ్ళలో గట్టిగా ఉంది. దానికి కారణం లేకపోలేదు, సంక్షేమ పథకాల అర్హతలో నెలకు 300 యూనిట్ల వాడకం అన్న గీత ఒకటి ఉంటూ వచ్చింది. ఈ విషయంలో మీ మాట చాలదు. సచివాలయానికి అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, వెల్ఫేర్ అసిస్టెంటు నోటితోనే సమాధానం వినిపించండి.

పోయిన ఏప్రిల్లో ఉదయగిరి వెళ్ళినప్పుడు రిమోట్ దిండు పక్కన ఉంది, కవరు మాత్రం తీయలేదు. పథకం గడువు 2026-27తో ముగుస్తుంది. పేరు మార్పుకే మాకు మూడు నెలలు పట్టింది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు స్వీటు డబ్బా కింద పెట్టకముందే గుమ్మం పక్కన తీగకు గుచ్చిన బిల్లు ఒకటి తీసి, దాని మీద ఎవరి పేరుందో చూడండి.